చుక్కాని చెప్పుకున్న కథ

నన్ను చూసి బల్ల అనుకుంటారు. తిరువూరులో ఈ ఇంటి అరుగు మీద, నాలుగు ఇటుకలపై పడుకోబెట్టి, నా మీద కూర్చుని పేపరు చదువుతారు. నేను చుక్కానిని. బెజవాడ రేవులో ఓ తెరచాప పడవకు వెనక వేలాడి మద్రాసు దాకా తిరిగిన టేకు చెక్కను.

ఈ ఇంటి పెద్దాయన అప్పుడు కుర్రాడు. మెట్ట మనిషి, కట్టలేరు తప్ప వేరే నీళ్లెరగడు. కృష్ణ మీద బ్యారేజీ లేస్తున్న రోజులు, 1957కు ముందు. మా పడవాయన ఇతని స్నేహితుడు. మనిషి తక్కువై, "రారా, మద్రాసు చూపిస్తా" అన్నాడు. ముందు చూపించింది తాడు!

ఏరు దాటి సీతానగరం వైపు కాలువలో దిగాం. గాలి పడిపోతే పడవ తాడు భుజానికేసుకుని గట్టు వెంట నడవాల్సిందే. మూడో రోజుకు కుర్రాడి భుజం తోలు లేచింది.

అసలు కథ లాకులో జరిగింది. పడవ లోపలికెళ్లాక వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల్లోంచి నీళ్లు వదులుతారు. నీటితోపాటే పడవా దిగుతుంది. గట్టు మీది గుంజకు చుట్టిన తాడును కొంచెం కొంచెం వదులుతుండాలి. మనవాడు ఎద్దును కట్టేసినట్టు ముడేసి, లాకు చూసే లస్కరుతో కబుర్లలో పడ్డాడు. నీరు దిగింది, పడవ దిగలేదు. ఓ పక్కకు ఒరిగింది, బస్తాలు జారాయి. "వదలరా తాడు!" బిగిసిన ముడి ఊడితేనా? పడవాయన కత్తితో కోశాడు. దబ్బున పడ్డాం. గోడరాయి తగిలి నేను చీలాను. ఆ చీలిక ఇదిగో, మీ ఎడమ చేతి కింద.

నేనేం చేశానంటారా? ఏమీ లేదు. పడవ నడుస్తుంటేనే చుక్కానికి పని; లాకులో ఉత్త చెక్కను. పెత్తనమంతా తాడు పట్టినవాడిదే. పనామా కాలువలో చిన్న తెరచాప పడవకైనా తాళ్లకే నలుగురుండాలని మొన్న మనవడు ఫోన్లో చదివితే, పెద్దాయన నవ్వి భుజం తడుముకున్నాడు.

మేం పట్టిన ఆ కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు. పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ అందుకుంటే మద్రాసుకు మరో 316. బకింగ్‌హామ్‌లో కొంతభాగం 1876-78 ధాత కరువులో కూలిజనం తవ్వింది. ఆ ఉప్పుగాలిలో మనవాడికి తాడు వదలడం అబ్బింది.

తర్వాత లారీలొచ్చాయి. 1965, 66 తుపానులు బకింగ్‌హామ్ కాలువను పాడుచేశాయి. పడవను విప్పి అమ్మేశారు. చీలిన నన్నెవరూ కొనకపోతే స్నేహితుడు ఇతనికిచ్చాడు. ఎడ్లబండెక్కి ఇక్కడికొచ్చాను. 2008లో ఆ దారిని నాలుగో జాతీయ జలమార్గమన్నారు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఈ మెట్టకూ వచ్చాయి. పడవ మాత్రం రాలేదు.

కూర్చోండి, పర్లేదు. జల్లు కొడితే మాత్రం నన్ను కాస్త లోపలికి జరపండి. టేకే గానీ, ఆ చీలికలో నీరు నిలుస్తుంది.