డిసెంబర్ మూడుకి అద్దెకో పిల్లాడు

మీ ఇంటికీ వచ్చే ఉంటుంది ఆ సర్క్యులర్. వికలాంగుల దినోత్సవం సందర్భంగా చిన్నారుల్లో సానుభూతి పెంపొందించే నిమిత్తం ప్రతి విద్యార్థీ సోమవారానికల్లా కనీసం 200 రూపాయలు తేవాలట. అందరికన్నా ఎక్కువ వసూలు చేసినవాళ్లకి ‘కరుణామూర్తి’ బ్యాడ్జీ అట. కరుణకి కూడా ర్యాంకు పెట్టకపోతే మన స్కూళ్లకి నిద్ర పట్టదు.

మా చిన్నది రెండో తరగతి. బ్యాగులోంచి గులాబీరంగు కవరొకటి తీసి నా చేతిలో పెట్టింది. దాని మీద చక్రాల కుర్చీలో కూర్చున్న అబ్బాయి బొమ్మ. చక్రానికి పుల్లలతో సహా శ్రద్ధగా వేసిన మహానుభావుడు అబ్బాయికి మొహం వేయడం మాత్రం మర్చిపోయాడు. చిన్నది బొమ్మకేసి కాసేపు చూసి, “నాన్నా, ఈ అబ్బాయి ఏ సెక్షన్?” అంది.

ఏం చెప్పను? సెక్షన్లు ‘ఎ’ నుంచి ‘హెచ్’ దాకా ఉన్నాయి. ఎనిమిదింట్లో ఎక్కడా ఓ చక్రాల కుర్చీ లేదు, చంకకర్ర లేదు, చెవి మిషను లేదు. మరి స్టేజీ మీద చెక్కు అందుకోడానికి ఎవరో ఒకరుండాలి కదా! నిరుడు ఎక్కణ్నుంచో ఆటోలో ఓ పిల్లాణ్ని తెచ్చారని విన్నాను. అక్కడే నాకు వ్యాపారం తట్టింది.

పెళ్లిళ్లకి షామియానాలు, కుర్చీలు, గుండిగలు, జనరేటరు అద్దెకిస్తారు చూశారా, ఆ పద్ధతే. మేం పిల్లల్ని సరఫరా చేస్తాం. ఐక్యరాజ్యసమితి 1992లో పెట్టిన ముహూర్తం, ఏడాదికి ఒక్కటే, కాబట్టి ముందుగా బుక్ చేసుకోవాలి.

సరుకు విషయానికొద్దాం. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే, 2016 చట్టంలో 21 చేశారు. చట్టానికేం, ఎన్నైనా రాస్తుంది. బజార్లో కదిలేవి రెండే: చక్రాల కుర్చీ, నల్లకళ్లద్దాలు. చూపులేని పిల్లకి పాటొస్తే డబుల్ రేటు. రాకపోతే పార్టీలు ఒప్పుకోరు, “అదేంటండీ, వాళ్లకి దేవుడిచ్చిన వరం కదా!” అంటారు. వినపడని పిల్లాణ్ని ఎవరూ అడగరు, ఫొటోలో మామూలుగానే పడతాడని. ఆటిజం ఉన్నవాడికి డిపాజిట్ తప్పదు. మైకు కుయ్యిమందంటే చెవులు మూసుకుని కేకేస్తాడు, ముఖ్యఅతిథి ఉపన్యాసం పాడవుతుంది. (పాడయ్యేంత ఏముంటుందని అడక్కండి.) డిస్లెక్సియా సరుకు గోడౌన్‌లోనే పడి ఉంది. “అది వైకల్యం కాదండీ, బద్ధకం” అని ప్రిన్సిపాళ్లు తేల్చేశారు.

డెలివరీ కొంచెం కష్టం. ఫంక్షన్ మూడో అంతస్తులో. అపార్టుమెంటుకని కట్టి స్కూలుకి అద్దెకిచ్చిన బిల్డింగు. లిఫ్టు లేదనకండి, ఉంది. ‘యాజమాన్యానికి మాత్రమే’ అని రాసి కూడా ఉంది. అందుకని ఇద్దరు అటెండర్లు కుర్చీతో సహా మోసుకెళతారు, కూలి మెట్టుకింత. పైకెక్కాక చేతిలో అట్టచెక్కు పెడతారు, క్రికెట్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్‌కి ఇచ్చేంతది. ఫొటో తీసేసరికి పిల్లాడి మొహం చెక్కు వెనక్కి పోతుంది. కవరు మీది బొమ్మకి మొహం ఎందుకు లేదో అప్పటికిగాని నాకు వెలగలేదు.

షరతులు: సరుకు సాయంత్రం ఐదుకి వాపసు. పేరు అడగరాదు. “థాంక్యూ” వరకు మాట్లాడించవచ్చు, ఆపైన మా పూచీ లేదు. ఎందుకంటే రిహార్సల్లో ఒకడు నోరు జారనే జారాడు. “సార్, నాకు ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చు. ఈ స్కూల్లో చేరొచ్చా?” అన్నాడు. అగ్రిమెంటంతా తిరగేశాను. ఆ మాటకి చోటెక్కడా లేదు.

ఇక్కడితో నా వ్యాపారం ఆపేస్తున్నాను, నవ్వు రావడం లేదు.

పిల్లాణ్ని అద్దెకి తేవాల్సిన ఖర్మ స్కూలుకి ఎందుకు పట్టింది? జూన్‌లో మా వీధి చివరి ఇంటావిడ, కాళ్లకి కాలిపర్స్ వేసుకునే కూతుర్ని తీసుకుని ఇదే గేటు దగ్గరికొచ్చింది. సీట్లు నిండిపోయాయన్నారు. ఆవిడ తలెత్తితే గేటు మీద ‘అడ్మిషన్స్ ఓపెన్’ బ్యానరు. ఆవిడ చూపు ఎటుందో గమనించి మాట మార్చారు. “మిగతా పేరెంట్స్ అభ్యంతరం చెబుతారమ్మా. స్పెషల్ స్కూల్లో వెయ్యండి, పాప హ్యాపీగా ఉంటుంది.” వివక్ష లేకుండా చేర్చుకోవాలని, బిల్డింగు అందుబాటులో ఉండేట్టు చూడాలని 2016 చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. గుర్తింపు పొందిన స్కూలన్నాక ఇది వర్తిస్తుంది. మా చిన్నది అడిగిన సెక్షన్ అదొక్కటే, స్కూల్లో లేనిదీ అదే. ఉన్న బిల్డింగుల్ని సరిచేసుకోడానికి 2017లో నిబంధనలొచ్చాక అయిదేళ్లు గడువిచ్చారు. అదీ 2022లో అయిపోయింది. అదే గేటు పక్కన సెల్లారులోకి సిమెంటు ర్యాంపు ఉంది, స్టాఫు స్కూటర్లు దిగడానికి. స్కూటరుకి దొరికిన వాలు ఆ పిల్లకి దొరకలేదు.

ఏడేళ్ల పిల్లలకి మీరు నేర్పుతున్నది సానుభూతా? పక్క బెంచీలో కూర్చుని రబ్బరు అడగాల్సిన పిల్లని, పేచీపడి జడ లాగాల్సిన పిల్లని, గేటు బయటే ఆపేసి కవరు మీద బొమ్మ చేశారు. ఆ బొమ్మలో 200 వేస్తే చెల్లు అంటున్నారు. పెద్దయ్యాక మావాళ్లు ఆఫీసర్లో, బిల్డర్లో, ప్రిన్సిపాళ్లో అయి ఇదే లెక్క చేస్తే ఎవర్ననాలి?

సోమవారం పొద్దున కవర్లో డబ్బులు పెట్టలేదు. చిన్నది అడిగిన ప్రశ్ననే కాగితం మీద దాని చేతే రాయించి పెట్టాను: ‘ఈ అబ్బాయి ఏ సెక్షన్?’

సాయంత్రం వాట్సాప్‌లో జవాబొచ్చింది. “డియర్ పేరెంట్, కవర్ రిసీవ్డ్. అమౌంట్ నాట్ రిసీవ్డ్.”