ఒళ్లు వంచకుండా ఇంట్లో పుట్టగొడుగులు

పుట్టగొడుగు బూజు జాతిది. బూజు పట్టించడానికి ఎక్కడన్నా చాకిరీ చేస్తారా? పర్చూరు, ఇంకొల్లు చుట్టుపక్కల పత్తికీ మిరపకీ ఏడాది పొడుగునా నడుం వంచిన వాళ్లకి ఇంతకన్నా సుఖమైన పంట లేదు. కింద చెప్పినట్టు చెయ్యండి, చాలు.

1. రకం. మన ఎండలకి పాలపుట్టగొడుగు వెయ్యమంటారు. అది 30–35 డిగ్రీల వేడిలోనూ వస్తుంది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏపీకే-2 రకాన్ని 1998లోనే ఇచ్చింది. అందరికీ వచ్చే పంట మనకెందుకు? బటన్ వెయ్యండి. దానికి 14–18 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది కాబట్టి ఊళ్లో పోటీకి ఒక్కడూ రాడు. బటన్ విత్తనం దొరక్కపోతే ముత్యపు చిప్ప రకం తెచ్చుకోండి, అదీ మేలోనే.

2. గడ్డి. వరిగడ్డిని చిన్న ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉడికించి, పిడికిట్లో పిండితే చుక్క రాలనంతగా ఆరబెట్టమని శిక్షణల్లో చెబుతారు. ఉడికించేది వేరే బూజుల్ని చంపడానికట. బూజు పంటలో బూజుని చంపడమేమిటి? గ్యాసు మిగుల్చుకోండి. వామి అడుగున తడిసి నల్లబడ్డ గడ్డి ఎవరన్నా ఊరికే ఇస్తారు. నీళ్లు కారుతుండగానే సంచుల్లో కూరండి. మళ్లీ తడిపే పని తప్పుతుంది.

3. ట్రైకోడెర్మా. ఈ చిట్కా మాత్రం వదలకండి. మిరపలో ఎండు తెగులు రాకుండా వేపపిండిలో, పశువుల ఎరువులో కలిపి చల్లగా మిగిలిన ట్రైకోడెర్మా విరిడి పొడి మన ఇళ్లలో ఏ మూలో ఉంటుంది. తెగులు తెచ్చే బూజుల్ని అది తినేస్తుంది. గుప్పెడు తీసి గడ్డిలో కలపండి. వారం తిరిగేసరికి సంచి లోపల పాకుతున్న తెల్లటి దారాలు ఉన్నచోటే ఆగిపోతాయి. వాటి అంచున సున్నం చుక్కల్లాంటివి లేస్తాయి. మరో రెండు రోజులకి ఆ చుక్కలు ముదురు పచ్చగా తిరిగి, తాకితే పొడి వేలికి అంటుకుంటుంది. ఏ చేలోనైనా పచ్చదనమే కదా ఆరోగ్యం! అలాంటి సంచిని వెంటనే బయటికి తీసెయ్యమని పుస్తకాల్లో ఉంటుంది. మీరు గది మధ్యలో పెట్టి ఫ్యాను వెయ్యండి, మిగతా సంచులకీ అందుతుంది.

4. గాలి. కిటికీలు బిగించి, తాళం వేసి పెళ్లిళ్లకి వెళ్లండి. గాలి ఆడకపోతే కాడలు బారెడు సాగి, గొడుగు గోరంత అవుతుంది. తూకానికి కాడే మేలు.

5. ఆరుబయట. ఇంట్లో చోటు లేకపోతే చెదపుట్ట వెతుక్కోండి. వానలకి పుట్టల మీద లేచే గొడుగుల్ని లోపల చెదపురుగులే సాకుతాయి. జీతం లేని కూలీలు ఉండగా మీరు చెయ్యి పెట్టడం దేనికి? విత్తనం పుట్ట కన్నంలో పోసి ఇంటికి రండి. అప్పిచ్చిన బ్యాంకాయన చూడటానికొస్తే పుట్ట చూపించి, పంట లోపలుందనీ నాగుల చవితి వెళ్లేదాకా తవ్వకూడదనీ చెప్పండి. ఆయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని వెళ్తాడు.

6. అమ్మకం. కోశాక నీళ్లు బాగా చల్లండి. మిరప టిక్కీలు తడిపి తూకం పెంచిన చేతులకి ఇది నేర్పక్కర్లేదు. ప్యాకెట్టుకి బెజ్జాలు పెట్టకండి, పెడితే చెమ్మ పోయి బరువు తగ్గుతుంది. మర్నాటికి లోపల జిగట కట్టి వాసనొస్తుంది కాబట్టి చీరాలలో అమ్మండి. అక్కడ మీ ఇల్లు ఎవరికీ తెలియదు.

7. సాకులు. ఇవి సంచులు కట్టకముందే సిద్ధం చేసుకోవాలి. మొదటి నెల విత్తనం మంచిది కాదనండి. రెండో నెల కరెంటు పోయిందనండి. మూడో నెల ఎదురింటావిడ తొంగిచూసింది, దిష్టి తగిలిందనండి. పెట్టుబడి మీ ఇంటావిడ డ్వాక్రా అప్పు గనక వాయిదా నాటికి బావమరిదిని సగం వాటాకి చేర్చుకోండి. పచ్చ సంచులు అతనికి, తెల్లవి మీకు అని పెద్దమనుషుల ముందు ఒప్పుకోండి. పంపకం రోజుకి తెల్లవి ఒక్కటీ మిగలవు కాబట్టి, గది మొత్తం అతనికే ధారపోసి వాయిదాలు కూడా అతన్నే కట్టుకోమనండి.