దయ్యం లేదన్న సినిమాకే దయ్యం పట్టింది

మనుషులు చస్తే దయ్యాలవుతారట. హిట్టయిన దయ్యాలకి ఆ చావు కూడా లేదు, రీమేకులవుతాయి.

నమ్మకపోతే నాగవల్లి జాతకం చూడండి. 1993లో ఫాజిల్ మలయాళంలో ‘మణిచిత్రతాళ్’ తీశారు. పాత బంగళా, తాళం వేసిన గది, ఎప్పుడో చచ్చిపోయిన నర్తకి నాగవల్లి, కొత్తగా వచ్చిన కోడలు గంగ. ఇన్ని ఉన్నా మధు ముట్టం రాసిన ఆ కథలో గంగని పట్టింది దయ్యం కాదు, మనసు జబ్బు. దాన్ని పసిగట్టి నయం చేసేవాడు సైకియాట్రిస్టు. గంగగా చేసిన శోభనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఎందుకొచ్చిందో తెలియాలంటే ఒక్క సీను చాలు. నగలు కొనడానికి వెళ్లాలని గంగ అంటుంది. మొగుడు వద్దంటాడు. ఇంతలో ఆవిడ చూపు మారుతుంది, గొంతు మారుతుంది, పక్కనున్న మంచాన్ని అమాంతం పైకి లేపేస్తుంది. నెత్తుటి చుక్క లేదు, తెల్లచీర లేదు, పొగ లేదు. నగల కొట్టుకి వద్దని చెప్పి చూసిన ఏ భర్తకైనా ఇందులో దయ్యం అక్కర్లేదని తెలుసు.

ఇక మొదలైంది ఊరేగింపు. కన్నడంలో ‘ఆప్తమిత్ర’ (2004), తమిళంలో ‘చంద్రముఖి’ (2005), హిందీలో ‘భూల్ భులయ్యా’ (2007). అన్ని భాషలవాళ్లూ అన్నీ మార్చుకున్నారు గానీ ఒక్క సూత్రం మాత్రం తప్పలేదు: దయ్యం పొరుగుదై ఉండాలి. మలయాళీల నర్తకి తంజావూరు తమిళమ్మాయి. కన్నడిగులకీ తమిళులకీ ఆవిడ తెలుగుపిల్ల. హిందీవాళ్లకి బెంగాలీ. మరి ‘చంద్రముఖి’ తెలుగులోకి డబ్బయి వచ్చినప్పుడు? పుట్టింటికొచ్చిన ఆడపడుచు కదా, తెలుగులో మాట్లాడుతుందనుకుంటాం. లేదు, ‘వారాయ్’ అంటూ తమిళం అందుకుంది! నదీ జలాల దగ్గర దశాబ్దాలుగా తెగని దక్షిణాది రాష్ట్రాలకి దయ్యాల దగ్గర మాత్రం చక్కటి సయోధ్య కుదిరింది.

అసలు తేడా హీరో దగ్గర వచ్చింది. మలయాళంలో మోహన్‌లాల్ సినిమా చాలాదూరం నడిచాకగానీ కనపడడు. అప్పటిదాకా ఆ ఇంట్లో మనం ఒంటరిగా, దిక్కులేకుండా ఉంటాం. భయమంటే అదే. ‘చంద్రముఖి’లో రజనీకాంత్ మొదట్లోనే ఫైటు, పాట ముగించుకుని వచ్చేస్తాడు. రజనీ ఇంట్లో ఉండగా భయపడాల్సింది దయ్యమే గానీ మనమెందుకు భయపడతాం? అది చాలదేమోనని బంగళాలో ఒక భారీ పాముని కూడా పెట్టారు. కథలో దానికో పని ఉన్నట్టు నాకు తోచలేదు. బహుశా ఇన్సూరెన్స్ కోసం పెట్టి ఉంటారు. ప్రేక్షకుడు భయపడడేమోనని నిర్మాత పడే భయం అలాంటిది. రీమేకుల్లో నిజంగా వణికేది ఆయనొక్కడే.

కన్నడ, తమిళ సినిమాలు రెండూ తీసింది పి. వాసు. 2010లో ఆయనే ‘ఆప్తరక్షక’, మన వెంకటేశ్‌తో ‘నాగవల్లి’, 2023లో ‘చంద్రముఖి 2’ తీశారు. తెరవకూడని తలుపుని అయిదుసార్లు తెరిచిన ధైర్యం ఆయనది. ఈలోగా అసలు సంగతి ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ‘భూల్ భులయ్యా 2’, ‘చంద్రముఖి 2’ వచ్చేసరికి నిజం దయ్యాలే దిగిపోయాయి. సైకియాట్రిస్టుని ఇంటికి పంపేశారు. దయ్యం లేదని చెప్పిన సినిమా చివరికి దయ్యాన్నే కని పెంచింది.

ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు తీస్తే సరిపోదా అంటారేమో. ఆ ముచ్చటా అమెరికాలో తీరింది. హిచ్‌కాక్ 1960 నాటి ‘సైకో’ని 1998లో గస్ వాన్ సాంట్ దాదాపు షాటుకి షాటు దించేశాడు. నలుపు తెలుపుల్ని రంగుల్లోకి మార్చాడు. హీరోయిన్ కాజేసే సొమ్ముని 40 వేల డాలర్ల నుంచి 4 లక్షలకి పెంచాడు. ధరల పెరుగుదలని లెక్కలోకి తీసుకున్న ఏకైక హారర్ సినిమా ఇదేనేమో. స్నానాల గదిలో ఏం జరగబోతోందో జనానికి ముప్ఫై ఎనిమిదేళ్ల ముందే తెలుసు. ఆ ఏడాది చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డుల్లో చెత్త దర్శకుడి బహుమతి ఆయనకే దక్కింది.

అలాగని రీమేకులన్నీ దండగ కాదు. ‘ది థింగ్’ కథని మొదట తెరకెక్కించిన 1951 సినిమాలో మంచు ప్రాంతానికి వచ్చిపడే రాక్షసుడు వేషం వేసుకున్న ఓ పొడుగు మనిషి. మూలకథలో ఆ జీవి ఎవరి రూపమైనా ఎత్తగలదు, సినిమావాళ్లు దాన్ని వదిలేశారు. జాన్ కార్పెంటర్ 1982లో ‘ది థింగ్’ తీస్తూ దాన్నే తీసుకొచ్చాడు. ఇప్పుడు గదిలో ఉన్నవాళ్లలో ఎవడు మనిషో, ఎవడు కాదో ఎవరికీ తెలీదు. అప్పట్లో విమర్శకులు తిట్టిపోశారు, ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటున్నారు. 1958 నాటి ‘ది ఫ్లై’లో మనిషికి ఒక్కసారిగా ఈగ తల వస్తుంది. 1986లో క్రోనెన్‌బర్గ్ ఆ మార్పుని రోజుకింత చొప్పున చూపించాడు, మేకప్‌కి ఆస్కార్ వచ్చింది. పాతవాళ్లు సగంలో వదిలేసిన పని ఏదో వీళ్లకి దొరికింది. ‘మణిచిత్రతాళ్’లో ఫాజిల్ వదిలేసిందేమీ లేదు, అందుకే పాముని తేవాల్సి వచ్చింది.

కాబట్టి ‘చంద్రముఖి’ చూడండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, జంతికలు తింటూ, రజనీ కోసం, ఆఖర్లో చంద్రముఖిగా మారే జ్యోతిక కళ్ల కోసం. భయపడాలనుంటే మాత్రం మలయాళంది చూడండి. 2024లో 4కెలో మళ్లీ థియేటర్లకి కూడా వచ్చింది.

నిర్మాతలకి అంతగా రీమేక్ చేయాలనుంటే మన దగ్గరే సరుకుంది. ఇంటర్వెల్ దాకా వణికించి, ఆ తర్వాత మంత్రగాణ్ణి దింపి నిమ్మకాయలతో ముగించేసిన తెలుగు సినిమాలు బోలెడున్నాయి. రెండో సగం ఎవరైనా కొత్తగా రాస్తే చాలు. హక్కులూ చవగ్గానే వస్తాయి. కానీ ఫ్లాపు సినిమా పేరెత్తితే చాలు, మన నిర్మాతలు తాయెత్తు కోసం తడుముకుంటారు.