బెల్టు నిర్దోషి

యాసంగి కోతల్లో బోధన్, వర్ని, కోటగిరి వైపు వెళ్తే ఒక దృశ్యం తప్పదు. సగం కోసిన మడిలో కోత మిషిను ఆగి ఉంటుంది, దాని చుట్టూ పది మంది నిలబడి ఉంటారు. పది మందిలో తొమ్మండుగురికి మిషినుతో సంబంధం ఉండదు, అభిప్రాయం మాత్రం ఉంటుంది. చక్రాలను నడిపే బెల్టు పుల్లీ మీంచి ఊడి కింద వేలాడుతుంటుంది. విచారణ మొదలు కాకముందే తీర్పు వస్తుంది: "బెల్టు ఖరాబున్నది, కొత్తది తెప్పియ్యిరి." బైకు బోధన్‌కు బయల్దేరుతుంది. కొత్త బెల్టు వస్తుంది, ఎక్కుతుంది, మిషిను మడి చుట్టూ రెండు మూడు సార్లు తిరుగుతుంది, మళ్లీ ఊడుతుంది. ఈసారి తీర్పు కొంచెం మారుతుంది: "దుకాణపోడు డూప్లికేటు అంటగట్టిండు." నా వాదన చిన్నది. మాటిమాటికీ ఊడే బెల్టు ఈ కేసులో సాక్షి మాత్రమే. మనం సాక్షులను వరసగా ఉరితీస్తూ, నేరస్తుణ్ణి మిషిను మీదే కూర్చోబెట్టి ఊరేగిస్తున్నాం.

మిషిన్ల యజమానులు చిన్నబుచ్చుకోకపోతే ఒక మాట. ఇది ఎక్కి కూర్చుని గడ్డి కోసే బండి. వరి కూడా గడ్డి జాతిదే కదా. అమెరికాలో పెద్ద పెరడున్న ఇల్లు కొన్న మనవాళ్లు శనివారం పూట ఎక్కి తిరిగే లాన్ మోవరుకూ, పంజాబులో నాభా, బర్నాలా వైపు తయారై మన ఊళ్లకు వచ్చే హార్వెస్టరుకూ ఈ విషయంలో సూత్రం ఒకటే. ఇంజను పుల్లీ నుంచి గేరుబాక్సు పుల్లీకి ఒక బెల్టు, దాన్ని నొక్కి పట్టే టెన్షన్ పుల్లీ, ఆ పుల్లీని లాగి ఉంచే స్ప్రింగు, బెల్టు పక్కకు జారకుండా అడ్డం ఉండే ఒకటి రెండు కడ్డీలు. ఏ కంపెనీ బండి అయినా చివరికి ఇంతే. అక్కడ గడ్డి కోసి పారేస్తారు, ఇక్కడ గింజలు తీసుకుని గడ్డికి అగ్గి పెడతారు. బెల్టు ఊడినప్పుడు వచ్చే తిట్లు మాత్రం రెండు చోట్లా తెలుగులోనే ఉంటాయి.

ఈ నేలకు ఇన్ని బెల్టులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, దానికీ చరిత్ర ఉంది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లిచ్చింది, 1937లో బోధన్‌లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ చెరకునిచ్చింది. చెరకు కత్తితో నరికేవాళ్లు. కత్తికి బెల్టు ఉండదు, ఊడే ప్రసక్తి లేదు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగిలిన చెరకు మళ్లలోనూ చాలావరకు వరి చేరింది, వరి వెంట మిషిన్లు, మిషిన్ల వెంట బెల్టులు. (ఆ ఫ్యాక్టరీ ఏ పుల్లీ వంకరపోయి ఆగిందన్నది వేరే వ్యాసం. దాన్ని హాస్యంగా రాయడం నా వల్ల కాదు.)

సరే, సాక్షిని అడుగుదాం. ఊడిన బెల్టును గట్టు మీదికి విసిరేయకుండా వెలుతురులో పట్టుకుని నిదానంగా ఒక చుట్టు తిప్పి చూడండి. వి-బెల్టు పట్టు దాని అడుగులో ఉండదు, రెండు పక్కల్లో ఉంటుంది. బి రకం బెల్టునే తీసుకోండి. పై వెడల్పు 17 మిల్లీమీటర్లు, మందం 11 మిల్లీమీటర్లు, రెండు పక్కలూ 40 డిగ్రీల కోణంలో కిందికి సన్నబడతాయి. ఆ పక్కలు పుల్లీ గాడిలో ఇరుక్కోవాలి, అడుగు గాడికి తగలకూడదు. అడుగు నున్నగా మెరుస్తుంటే గాడి అరిగి బెల్టు కిందికి దిగిపోయిందని అర్థం. పక్కలు ఖాళీగా ఉన్నాయి, బెల్టు జారుతోంది. ఒక పక్క మాత్రమే పోగులు లేచి ఉంటే రెండు పుల్లీలూ ఒకే వరసలో లేవు. ఒకే చోట కాలిన మచ్చ ఉంటే, చక్రాలు బురదలో కూరుకున్నప్పుడో బేరింగు పట్టేసినప్పుడో బెల్టు ఆగిపోయి పుల్లీ ఒక్కటే తిరిగింది. లోపలి వైపు అడ్డంగా పగుళ్లుంటే వేడి, వయసు. ఇక బెల్టు తిరగబడి, వీపు లోపలికి పోయి దొరికిందనుకోండి, దానికి కారణాలు రెండు మూడున్నాయి. వాటిలో ఒకటి, లోపలి తాళ్లు ఎక్కడో తెగడం. తాళ్లను తెంపిన మనిషి దూరాన ఉండడు. నిన్న స్ప్రింగు వదులు చేయకుండా రాడ్డు పెట్టి అదే బెల్టును పుల్లీ మీదికి ఎగదోసిన పెద్దమనిషే అయ్యుంటాడు. ఇప్పుడు పది మందికీ ముందు నిలబడి "ఈ కాలం మాలే అంత" అంటుంటాడు.

వయసును పక్కన పెడితే, ఈ గుర్తుల్లో బెల్టు తనంతట తాను తెచ్చుకున్నది ఒక్కటీ లేదు. అన్నీ ఎవరో పెట్టిన గాయాలే. ఎక్కువసార్లు ఆ ఎవరో టెన్షన్ పుల్లీయే. దాని బేరింగు చిన్నది, అది తిరిగేది దుమ్ములో, పొట్టులో. గ్రీజు ఎండి గోళీలు వదులైతే పుల్లీ ఊగుతుంది. దాన్ని మోసే చేయి ఒక బుష్షు మీద కదులుతుంది, ఆ బుష్షు అరిగితే చేయి మొత్తం పక్కకు వాలుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మిషిను ఆగి ఉన్నప్పుడు ఆ చేయి నిటారుగానే కనిపిస్తుంది. బరువు పడ్డప్పుడే వాలుతుంది. అందుకే ఎంత చూసినా "అన్నీ సక్కగనే ఉన్నయి" అంటారు. కళ్లతో చూస్తే దొరకదు. ఇంజను ఆపి, పుల్లీ అంచు రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఊపి చూడాలి. టకటక ఊగితే దొంగ దొరికినట్టే. తర్వాత స్ప్రింగు కొక్కెం తగిలించే రంధ్రం చూడండి. గుండ్రంగా ఉండాల్సింది కోలగా సాగి ఉంటుంది. స్ప్రింగు ఉండాల్సిన చోట ట్యూబు ముక్కో బైండింగు వైరో ఉన్న మిషిన్ల గురించి మాట్లాడటం మర్యాద కాదు. గాడి అడుగున బురద, పొట్టు కలిసి గట్టిపడి ఉంటే స్క్రూడ్రైవరుతో గీకి తీయాలి. అది బెల్టును కొంచెం కొంచెం పైకి లేపుతుంది, తడి పొలంలో ఈ పని ఒక్క పూటలో జరిగిపోతుంది. బెల్టు దారి తప్పకుండా కాసే కడ్డీ వంగిందో, పోయిన సీజన్‌లో ఎవరో విప్పి టూల్ బాక్సులో పడేశారో కూడా చూడాలి. క్లచ్చు నొక్కి బెల్టు వదులైన క్షణంలో దాన్ని ఆపేది ఆ కడ్డీ ఒక్కటే.

వరస చూడ్డానికి యంత్రాలేమీ అక్కర్లేదు, గోడ కట్టే మేస్త్రీ దారం చాలు. రెండు పుల్లీల అంచుల మందం ఒకటే అయితే, దారాన్ని ఒక పుల్లీ ముఖం మీదుగా రెండో దాని ముఖం మీదికి గట్టిగా లాగి పట్టండి. నాలుగు అంచులకూ తగలాలి. మూటికి తగిలి నాలుగో దానికి సందు కనిపిస్తే, ఆ సందు లోంచే మీ డబ్బు దుకాణానికి పోతోంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. నకిలీ బెల్టులు లేవా? ఉన్నాయి. సైజు తప్పినవీ ఉన్నాయి. బి-68 అని ఉంటే దాని లోపలి చుట్టుకొలత 68 అంగుళాలు. "ఒక ఇంచు తేడా ఏం చేస్తది, సర్దుకుంటది" అని పెద్దది ఎక్కిస్తే టెన్షన్ పుల్లీ చేయి పోగలిగినంత దూరం పోయి ఆగిపోతుంది, ఆపైన బిగించే దిక్కుండదు. కానీ మూడు దుకాణాల్లో మూడు కంపెనీల బెల్టులు కొని, మూడూ ఒకే పుల్లీ మీంచి ఒకే వైపు పడితే, మూడు కంపెనీలూ మీ మీద కుట్ర పన్నాయని నమ్మాలా, ఒక పుల్లీ వంకరగా ఉందని నమ్మాలా? మనవాళ్లకు మొదటిదే నమ్మబుద్ధవుతుంది. అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకోవడం ఊరికే అలవాటవలేదు.

"మరి కొత్త బెల్టు వేస్తే ఒక పూటన్నా నడిచింది కదా, అంటే పాతదే చెడ్డది" అనేవాళ్లు ఇంకో రకం. ఇది బెల్టు తరఫు వకీలుకు దొరికే అత్యుత్తమ సాక్ష్యం. కొత్త బెల్టు బిగుతుగా ఉంటుంది, కాబట్టి వంకరను కొన్ని గంటలు కప్పిపెడుతుంది. గాడిలో కుదురుకుని కాస్త సాగగానే ఆ ముసుగు తొలగిపోతుంది. కొత్త బెల్టు వేసిన కొద్ది గంటలకే మళ్లీ బిగువు చూడమని తయారీదార్లు చెప్పేది ఇందుకే. మనం ఆ కాగితంతోనే ఇంజను ఆయిలు తుడుస్తాం.

మూడో వర్గం వీరులది: "ఇంకా టైటు కొట్టు!" వీరికి 18వ శతాబ్దపు గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ జవాబు చెబుతాడు. చక్రం చుట్టూ చుట్టుకున్న తాడు పట్టు, అది ఎంత కోణం చుట్టుకుందన్న దాని మీద అమాంతం పెరుగుతుందని ఆయన లెక్క. ఘర్షణ గుణకం 0.3 అనుకుని, సగం చుట్టు తిరిగిందనుకుంటే, చదును పట్టా జారకుండా బిగువు వైపుకీ వదులు వైపుకీ రెండున్నర రెట్ల తేడాను తట్టుకుంటుంది. అదే 40 డిగ్రీల వి-బెల్టయితే సుమారు 16 రెట్లు. అంటే వి-బెల్టును పీక నులిమినట్టు బిగించే అవసరమే లేదు. చుట్టుకునే కోణం, శుభ్రమైన గాడి ఇస్తే పట్టు అదే వస్తుంది. మితిమీరి బిగిస్తే బేరింగులు పోతాయి, పుల్లీ మోసే బ్రాకెట్టు వంగుతుంది, ఉన్న వంకర రెట్టింపవుతుంది. అప్పుడు బెల్టు మునుపటికన్నా తొందరగా ఊడుతుంది, వీరుడు మునుపటికన్నా గట్టిగా స్పానరు పట్టుకుంటాడు.

పాత గిర్నీలు చూసినవాళ్లకు ఇంకో అనుమానం ఉంటుంది. అక్కడి చదును పట్టా గాడి కూడా లేని పుల్లీ మీద పొద్దంతా పడకుండా తిరిగేది, దీనికేం రోగం? ఆ పుల్లీ నిజానికి చదునుగా ఉండదు, నడిమధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. పట్టా పల్లానికి జారుతుందని మనం అనుకుంటాం, అది ఎత్తుకే ఎక్కుతుంది, అంచుకు పోయినా తిరిగి నడుమకు వస్తుంది. ఆ పుల్లీని చేసినవాడు పట్టా బుద్ధిని నమ్మకుండా పుల్లీనే సరిగ్గా మలిచాడు. పట్టా ఊడితే పిండి పట్టే మనిషి ముందు చూసేదీ షాఫ్టు కదిలిందా అనే. అంటే ఆ గిర్నీ సాక్ష్యం కూడా మా పక్షానే.

చివరి అభ్యంతరం బరువైనది, దాన్ని నవ్వి తోసేయలేం. మబ్బు పట్టింది, మిషిను కిరాయి గంట లెక్కన నడుస్తోంది, పక్క మడి రైతు ఒడ్డు మీద కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు, ఇప్పుడు దారం పట్టుకుని కొలతలా? నిజమే, వానకు వడ్లు తడవడం కన్నా పెద్ద వాదన లేదు. ఆ పూటకు బెల్టు ఎక్కించి మడి ముగించండి, ఎవరూ కాదనరు. కానీ అదే మిషిను మర్నాడు పొద్దున ఇంకో ఊరి మడిలో అదే చోట ఆగితే, అప్పటికి బోధన్‌కు పోయివచ్చిన బైకు పెట్రోలు, రెండు బెల్టుల ధర, పోయిన గంటలు కలిపి లెక్కేయండి. ఒక బేరింగు, ఒక స్ప్రింగు, రాత్రి మిషిను ఆపాక అరగంట పని, ఇవన్నీ దాంట్లో చిల్లర కింద పోతాయి.

కాబట్టి మిషిన్ల యజమానులకూ డ్రైవర్లకూ ఒక మనవి. టూల్ బాక్సులో రాడ్డు తీసేసి దారపుండ పెట్టుకోండి. ఊడిన బెల్టును విసిరేసే ముందు ఒకసారి తిప్పి చూడండి. దేన్ని ముట్టుకోవాలన్నా ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే గార్డు విప్పండి. విప్పిన గార్డును ఇంట్లో పెట్టుకోకుండా మళ్లీ మిషినుకే బిగించండి.