తెలివే వాడి నేరమైంది

ఆ పిల్లవాడు మందకొడి అయి ఉంటే వాడి జోలికి వెళ్లేవాణ్ణి కాదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే. ఆరో తరగతిలో ఒక్కసారి వింటే చాలు, వాడికి పద్యం నోటికి వచ్చేసేది. తాత్పర్యం అడిగితే పుస్తకంలో లేని ఉదాహరణ కూడా చెప్పేవాడు. వాళ్ల నాన్న కిరాణా కొట్లో కాగితం, కలం లేకుండా బేరాల లెక్క కట్టేవాడు. అదే పద్యం రాయమంటే మాత్రం ఒత్తులు ఎగిరిపోయేవి, గుణింతాలు తారుమారయ్యేవి. నోటికొచ్చింది చేతికెందుకు రాదు? ఒళ్లు వంచకపోవడం వల్లే అని తేల్చేశాను.

డిక్టేషన్‌లో ‘పుస్తకం’ ఒకచోట సరిగ్గా ఉండేది. రెండు వరుసల కింద ‘పుత్సకం’, పేజీ చివర ‘పుసకం’. పైన సరిగ్గా రాసినవాడు కింద తప్పు రాశాడంటే నిర్లక్ష్యమేనని గట్టిగా నమ్మాను. ఇంపోజిషన్ ఇచ్చాను. మర్నాడు చూస్తే వాడు మాటను మాటగా రాయలేదు. పేజీ పొడవునా ముందు ‘పు’ నిలువుగా దించాడు, పక్కన ‘స్త’, ఆ పక్కన ‘కం’. మోసం చేస్తున్నాడని చెయ్యి చాపమన్నాను. అక్షరం వాడికి శబ్దంగా వినిపించడం లేదు, బొమ్మలా గీస్తున్నాడు. ఆ సంగతి చెప్పే కాగితం నా చేతిలోనే ఉంది.

“ఇంట్లో ఏదడిగినా టకటకా చెబుతాడండీ మాస్టారూ. పుస్తకం తీస్తేనే కడుపునొప్పంటాడు” అని వాళ్ల నాన్న వచ్చి మొత్తుకున్నారు. గారాబం తగ్గించమన్నాను. ఆ నొప్పి నిజమేనని, నేనంటే భయంతోనే వచ్చిందని ఇప్పుడనిపిస్తుంది.

చాలా ఏళ్ల తర్వాత ఒక శిక్షణ తరగతిలో డిస్‌లెక్సియా గురించి విన్నాను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు, పెర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆ కుర్రవాడు తన పేరే ‘ప్రెసీ’ అని రాశాడట. చదువంతా నోటితోనే సాగితే బడి మొత్తానికి వీడే చురుకైనవాడని వాళ్ల మాస్టారు చెప్పాడట. ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఆ మాస్టారికి కనబడిన తెలివి నాకూ కనబడింది. ఆయన దాన్ని పిల్లవాడి తరఫున చెప్పాడు, నేను నా విద్యార్థి మీద నేరంగా మోపాను.

డిస్‌లెక్సియా బుద్ధిమాంద్యం కాదు, చూపు లోపం కాదు, పెంపకం తప్పు అసలే కాదు. మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో ముడిపెట్టడంలో ఎదురయ్యే ఇబ్బంది. శబ్దం శబ్దంగా వినిపిస్తూ, వేలితో దిద్దిస్తూ, ఓపికగా ఒక క్రమంలో నేర్పితే చదువు వస్తుంది. వందసార్లు రాయిస్తే రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. వైకల్య ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు, రాసిపెట్టే మనిషినీ అడగవచ్చు.

నా దగ్గర చదివిన ఆ పిల్లవాడు ఎనిమిదిలో బడి మానేశాడు.

తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం. నోటితో చక్కగా చెప్పి రాతలో తడబడే పిల్లలు మీ తరగతిలో ఉంటే, బద్ధకమని ముద్ర వేయకండి. జవాబు నోటితో చెప్పించుకుని దానికీ మార్కులు వేయండి. వాళ్ల అమ్మానాన్నలను పిలిచి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి తీసుకెళ్లమని ఈ వారమే చెప్పండి.