చైను తెగిన మీదే: ఒక అద్దె బోర్డుకు టీకా తాత్పర్యం

అవతారిక: ఖమ్మం సరిహద్దును ఆనుకొని ఉన్న తిరువూరు ప్రాంతంలో మామిడి తోటలూ, జామాయిల్, సుబాబుల్ చేలూ మెండు. ముదురు తోట కొట్టించాలన్నా, గాలికి పడ్డ కొమ్మ తప్పించాలన్నా ఇప్పుడు గొడ్డలిని తలిచేవారు తక్కువ. అందరికీ పెట్రోలు రంపమే దిక్కు. దాన్ని అద్దెకిచ్చే ఒక కొట్టు ముందున్న రేకు బోర్డే ప్రస్తుత గ్రంథం.

మూలం: రంపం మిషను అద్దెకు ఇవ్వబడును. చైను తెగిన మీదే బాధ్యత.

ప్రతిపదార్థం:
రంపం మిషను = ఒక్క అరుపుతో ఊరంతటికీ చెట్టు చావుకబురు చెప్పునది
అద్దెకు = "మనది కాదు కదా" అను ధైర్యమునకు
ఇవ్వబడును = కర్మణి ప్రయోగం; ఇచ్చినదెవరో రేపు తేలదని ధ్వని
చైను = కుడి పన్ను, ఎడమ పన్ను వంతులవారీగా కూర్చిన ఉక్కు గొలుసు
తెగిన మీదే = వివాదాస్పదం; కింద చూడుడు
బాధ్యత = బాధపడవలసి ఉండుట

పూర్వపక్షం: "తెగిన మీదే" అనగా తెగిన తర్వాతనే అని అద్దెదారు మతం. అంతదాకా మోడును నేలమట్టానికి కోయవచ్చు. కంచె తీగకు కొట్టిన మేకును చెట్టుతోపాటు కోయవచ్చు. చెట్టు తెగడం మానేస్తే మిషను మీద ఒళ్లంతా వేసి అదమవచ్చు.

సిద్ధాంతం: అది చెల్లదు. ఇది "తెగినన్" అను చేదర్థకం. చివరి "న్" అను ద్రుతం పెయింటరు చేతిలో లోపించింది. తెగితే ఖర్చు మీది అని అర్థం. పైగా చైను చెప్పకుండా తెగదు. పదునున్న పన్ను చెక్క పేళ్లు ఉమ్ముతుంది. మొద్దుబారినది పిండి రాలుస్తుంది. ఆ పిండే మొదటి నోటీసు. పొగ రెండోది. వేడి మీద సాగిన చైనును అప్పుడే బిగించి వదిలేస్తే, చల్లారి కుంచించుకొని, తాను తిరిగే పట్టీ అయిన బారును పీడిస్తుంది. అది మూడోది.

ఆకురాయి విధి: గుండ్రటి ఆకురాయితో, లోపలి నుంచి బయటికి, ప్రతి పంటికీ సమానంగా రాయాలి. ఒక పక్క ఎక్కువ రాస్తే కోత వంకర పోతుంది. పంటి ముందున్న చిన్న బొడిపె పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయిస్తుంది. దాన్ని అతిగా అరగదీస్తే పన్ను అత్యాశకు పోయి మిషను ఎగిరిపడుతుంది.

విశేషం: ఈ పంటికి గురువు ఒక పురుగు. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జో కాక్స్ అనే కట్టెకోతగాడు, దుంగను కుడి ఎడమలుగా కొరుక్కుంటూ పోయే పురుగును చూసి ఇప్పటి చైను పన్ను రూపొందించాడు. కాండం తొలిచే పురుగును తిట్టే మామిడి రైతు, దాని జ్ఞాతికి శిష్యుడైన మిషనును అద్దెకు తెచ్చుకోవడం కర్మ సిద్ధాంతానికి ఉదాహరణం.

నిషేధం: ఒంటిచేత్తో, లుంగీ ఎగ్గట్టి, కొమ్మ మీద నిలబడి కోయరాదు. బారు కొస పైభాగం దేనికైనా తగిలితే మిషను ముఖం మీదికి లేస్తుంది. అప్పుడు "తెగిన" అను క్రియకు కర్త మారును.

తాత్పర్యం: చైను తెగడం చివరి వాక్యం. బాధ్యత మొదటి అక్షరం నుంచే ఉంది.

ఈ అన్వయ క్లేశం తీరడానికి "తెగిన" పక్కన ఒక కామా పెట్టించమని కొట్టు యజమానికి మనవి చేశాను. "పెట్టిద్దాం మాస్టారూ, రంగు ఖర్చు మీదే" అన్నాడు. ఈ "మీదే"కు మాత్రం అర్థభేదం లేదు.