కొంగులో జమ్మి ఆకు

మా మనవరాలి నిశ్చయం మొన్నటి దసరా నాడే అయింది. 2025 అక్టోబరు 2. పిల్లవాడు బుద్ధిమంతుడు, పిల్లను ముందే అడిగి, ఆమె ఇష్టపడ్డాకే ఖాయం చేసిన సంబంధం. నాకు సంతోషమే. కానీ ఆ రోజు పొద్దున్నుంచి రాత్రి పదకొండు దాకా మేడ్చల్‌లో మా ఇంటికి తాళం పడి ఉంది. దసరా నాడు మా గడపకు తాళం పడడం నా డెబ్బై నాలుగేండ్లలో అదే మొదటిసారి.

మా రోజుల్లో నిశ్చయం పండుగలోనే ఒక భాగంగా జరిగిపోయేది. దానికి కారణం ఉంది. సద్దుల బతుకమ్మకు ముందే ఆడబిడ్డలు పుట్టింటికి చేరుకునేవాళ్లు. పండుగ నాటికి అల్లుండ్లు దిగేవాళ్లు. మేనత్తలు, మేనమామలు, వియ్యాలవారు అందరూ ఒకచోట దొరికేది ఏడాదిలో ఆ నాలుగు రోజులే. వరి ఇంకా పొలంలోనే ఉండేది, చేతిలో పైసలుండేవి కావు. అందుకని అప్పుడు లగ్గం కుదరదు, మాట మాత్రం అనుకోవచ్చు. వడ్లు ఇంటికొచ్చి, అమ్ముడుపోయి, మాఘమాసం వచ్చాక లగ్గం. ద్రాక్షతోట ఉన్నవాళ్లయితే కాయ దిగినాక వైశాఖంలో చేసేవాళ్లు. ఆ మధ్య నెలల్లో రెండు ఇండ్లవాళ్లు ఒకరికొకరు అలవాటు పడేవాళ్లు. వాళ్ల ఇంట్లో ఎవరికి కోపమెక్కువ, మా ఇంట్లో ఎవరికి చెవుడు, అన్నీ లగ్గానికి ముందే తెలిసిపోయేవి.

నా మాట అనుకున్నది 1973 దసరా నాడు. ఊరి బయట జమ్మికి పూజ చేసి, పాలపిట్టను చూసి, మగవాళ్లంతా తిరిగొచ్చారు. తుర్కపల్లి నుంచి చుట్టపు చూపుగా వచ్చినాయన, మా నాయిన చేతిలో జమ్మి పెట్టి అలయ్ బలయ్ తీసుకున్నాడు. హారతి పళ్లెంతో గడపలో నిలబడ్డ మా మేనత్త వాళ్లను లోపలికి రానివ్వలేదు. "ఇగ మీరిద్దరు వియ్యంకులైనట్టే. చేతుల బంగారముండంగనే ఆ మాటేదో అనుకోరాదుండ్రి" అంది. జమ్మి ఆకే మాకు బంగారం. అది చేతిలో ఉండగా అన్న మాటను వెనక్కి తీసుకునే ధైర్యం ఆ కాలంలో ఎవరికీ లేదు.

ఆ వచ్చిన గురువారం పూలుపండ్లు. రెండు ఎడ్లబండ్లు కట్టుకొని షామీర్‌పేట చెరువు పక్కనుంచి పోయినం. చీర, తమలపాకులు, పోకలు, ఖర్జూరం, కుడుకలు, చక్కెర. ఉంగరం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ చక్కెర గురించి ఇప్పటివాళ్లకు చెప్పాలి. అది కంట్రోలు దుకాణంలో కార్డు మీద కొలిచిచ్చే చక్కెర. మా అమ్మ మూడు నెలలు బెల్లం చాయ తాగించి ఇంటిల్లిపాది వాటా దాచిపెట్టింది. పిల్ల నుదుట మొదటి బొట్టు మా మేనత్త పెట్టింది. పెద్దమనుషుల ముందు తాంబూలాలు మార్చుకున్నారు. తిరిగొచ్చి ఆ చక్కెరను మా వాడకట్టులో ఇంటింటికీ దోసెడు పంచినం. ఆ దోసెడు చక్కెర తీసుకున్న ప్రతి ఇల్లూ మా మాటకు సాక్షి. బజారుకు పోతే చాకలి దగ్గర్నుంచి పటేలు దాకా "లగ్గమెప్పుడు బిడ్డా" అని అడిగేవాళ్లే.

ఆ కాలంలో అంతా బాగుండేదని నేననను. పిల్లను ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆమె పూలు తెంపుకొని ఇంటికొస్తే, "నీ మాట ఖాయమైందంట" అని వదిన చెప్పిందట. ఈ మాట మా ఇంటామె ఇప్పటికీ అంటుంది: "నన్నొక్కసారి అడిగితే మీ సొమ్మేం పోయేది?" యాభై ఏండ్ల సంసారం తర్వాత కూడా దానికి నా దగ్గర జవాబు లేదు. మనవరాలిని ముందు అడిగి, ఆమె ఊ అన్నాకే పెద్దవాళ్లు కదిలారంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషపడ్డది మా ఇంటామే.

నా గోస వేరే. పిల్లను అడగడం నేర్చుకున్నారు, బాగుంది. ముసలివాళ్లను అడగడం ఎందుకు మరిచారు?

విజయదశమి నాడు వర్జ్యం, దుర్ముహూర్తం చూసే పని లేదని, పిల్లలకు సెలవు కూడా కలిసొస్తుందని ఆ రోజునే పెట్టుకున్నారు. గాంధీ జయంతి కూడా అదే రోజు కావడంతో మాంసం దుకాణాలు మూసేశారు. పండుగ మటన్ ముందురోజే తెచ్చుకోవాలి, వండుకునే ఇంటికేమో తాళం. నిశ్చయమేమో తూంకుంట దాటినాక రాజీవ్ రహదారి పక్కన ఒక రిసార్టులో. అది ఉన్న నేల నాకు తెలుసు. అనాబ్ షాహీ ద్రాక్ష పందిళ్లుండేవి అక్కడ. కుర్రతనంలో కోతలకు పోయి గంపలు మోసిన నేల. ఇప్పుడక్కడ పచ్చగడ్డి పరిచి, తెర మీద పిల్లల బొమ్మలు పెట్టి, పొగ వదిలి, ఆ పొగలోంచి వాళ్లను నడిపించారు. షామీర్‌పేట చెరువు కట్ట మీద ముందే తీసిన వీడియో వేశారు. 1973లో ఎడ్లు నీళ్లు తాగిన చెరువే అది. ఒక్క క్షణం నాకు గొంతు పట్టింది. అది బాగానే ఉంది, తప్పుపట్టను.

మా అక్కకు ఎనభై రెండు. పొద్దున గుడి దగ్గర పాతిన జమ్మి కొమ్మ నుంచి నాలుగు రెబ్బలు తెంపుకొని కొంగున ముడేసుకొచ్చింది. కొమ్మను పాతుకోక ఏం చేస్తారు? మా ఊరి జమ్మి చెట్టు ఉన్న చోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. జమ్మిని రాష్ట్ర వృక్షం చేసుకున్నాం, ఊరి చెట్టును నిలుపుకోలేకపోయినం. కొత్త వియ్యాలవారికి ఆ ఆకు చేతిలో పెట్టి, దండం పెట్టి, అలయ్ బలయ్ ఇయ్యాలని మా అక్క ఆశ. మూడుసార్లు లేచింది. ఒకసారి ఫొటోలు, ఒకసారి కేకు, ఒకసారి డ్యాన్సు. మైకు పట్టుకున్న పిల్లవాడు ప్రతిసారీ మర్యాదగానే "అమ్మమ్మా, ఫైవ్ మినిట్స్" అన్నాడు. అతనికేం తెలుసు, అతని చేతిలో ఉన్న కాగితంలో జమ్మి లేదు. ఆ కాగితం రాసిన మా పిల్లలకు తెలియాలి. పిల్లవాని మేనత్త కూడా ఎక్కడో ఆరో వరుసలో కుర్చీలో కూర్చుంది. ఉంగరాలు మారినయి, చప్పట్లు మోగినయి. బొట్టు మాత్రం బ్యూటీషియన్ పెట్టిన బొట్టే. అందరూ బిర్యానీ తిని కార్లెక్కారు. రెండు ఇండ్ల ముసలివాళ్లు ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే విడిపోయారు.

రాత్రి తాళం తీసి లోపలికి పోయినాక మా అక్క కొంగు ముడి విప్పింది. ఆకు నలిగిపోయి ఉంది. ఏమీ అనకుండా దేవుని గూట్లో పెట్టింది.

మార్పును చూసి ఉలిక్కిపడే మనిషిని కాను నేను. నా లగ్గపత్రిక మీద హైదరాబాదు జిల్లా అని ఉంది. 1978లో రంగారెడ్డి జిల్లా పుట్టింది, నా కొడుకు పత్రిక మీద ఆ పేరు పడింది. 2016 అక్టోబరు 11న, అది కూడా దసరా రోజే, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. మనవరాలి పత్రిక మీద ఆ పేరు ఉంటుంది. ఇల్లు మాత్రం అదే ఇల్లు. మూడు పత్రికల మీదా ఇంటి పేరు ఒకటే. ఆ ఇంట్లో నిశ్చయం చేయడానికి జాగా లేదనడమే నాకు అర్థం కాలేదు.

మా బంధువుల్లో అమెరికా పిల్లలు డిసెంబరు సెలవుల్లో వస్తారు. అప్పుడు ధనుర్మాసం, లగ్గాలకు ముహూర్తాలుండవు. అయినా సెలవు దొరికేది అప్పుడేనని నిశ్చయాలు కానిచ్చేస్తున్నారు. నేను దాన్ని కూడా ఏమీ అనను. మనిషి దొరికినప్పుడే మాట అనుకోవాలనేది మా కాలపు లెక్కే. కానీ వచ్చిన ఆ పది రోజుల్లో రెండు రోజులైనా పెద్దవాళ్ల అరుగు మీద కూర్చోవాలి కదా. హాలు నుంచి హాలుకు తిరిగి విమానమెక్కితే ఎవరిని కలిసినట్టు?

ఇక లగ్గం సంగతి. హాలు తీసుకున్నారు, తీసుకోనీ. కోట్నం మాత్రం మా వాకిట్లోనే దంచాలని కొడుకుకు గట్టిగా చెప్పిన. ఐదుగురు ముత్తైదువలు, పసుపు కొమ్ములు, రోలు, రోకలి. మైకు వద్దన్న. పిల్లవాని మేనత్తకు ఫోను చేసి, మొదటి పోటు ఆమెదేనని నేనే పిలిచిన. మనవరాలు పక్కనే ఉండి విన్నది. "తాతా, ఆ రోజు నేను సెలవు పెట్టుకుంటా, పొద్దున్నుంచి ఇక్కడే ఉంటా" అంది. రోలు పశువుల కొట్టం వెనక బోర్లా పడి ఉండె, ఇద్దరు మనుషులతో ఎత్తించి కడిగించిన. రోకలి పొన్ను ఊడిపోయి ఉంది. కొత్తది వేయించాలి.